దక్కను హార్సు : గుఱ్ఱము నుండి టాంకు వరకు



గ్రంథాలయ రజతోత్సవమున ఒక సేనాదళమును గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోపవచ్చును. పుస్తకమునకును కత్తికిని పొత్తేమని అడుగవచ్చును. కాని ఈ కథకు మొదలు మన బందరులోనే యున్నది.

1759వ సంవత్సరమున కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నుండి బందరుకోటను గైకొనెను. అంతట నిజాము సలాబత్ జంగు బందరును, చుట్టుపట్ల సీమలను ఇంగ్లీషు కంపెనీకి ఒసగెను. 1766 నాటి సంధితో నిజాము అలీఖాను ఉత్తర సర్కారులను కంపెనీకి వదలుకొనెను. కంపెనీ యేటేట కొంత సొమ్ము చెల్లించుటకును, అక్కఱ వచ్చినపుడు సైన్యసాహాయ్యము చేయుటకును ఒప్పుకొనెను. అనగా మన పొలములును, మన శిస్తులును సేనల బేరములో చేతులు మాఱినవి. బేరము అంతటితో ఆగలేదు. నిజాము ఖర్చుతో, ఆంగ్లాధికారుల క్రింద, హైదరాబాదు కంటింజెంటు అను సైన్యము పెరిగెను. దాని ఖర్చుల బాకీ క్రింద 1853లో బీరారు సీమ కంపెనీ పాలనలోనికి పోయెను.

ఆ కంటింజెంటు రౌతుల వారసత్వమే భారతసేనలోని దక్కను హార్సు. తన పుట్టుకను అది 1790 నుండి లెక్కించుకొనును. తొల్లిటి రౌతులది సిలాదారీ పద్ధతి. గుఱ్ఱము సర్కారుది కాదు, రౌతుది. అతడు తన గుఱ్ఱముతో కొలువున చేరి, వచ్చిన జీతముతో దానిని, తన్నును పోషించుకొనవలెను. మన రైతునకు ఎద్దుల జత యెంతయో, వానికి గుఱ్ఱ మంత. 1903లో కంటింజెంటు ప్రత్యేకత పోయి, దాని దళములు భారతసేనలో కలిసెను. వానిలో రెండు 1921లో ఒక్కటయి 9వ దళముగా ఏర్పడెను.

మొదటి ప్రపంచ యుద్ధమున దక్కను హార్సు ఫ్రాన్సు దేశమునకు వెళ్లెను. 1916 జూలై 14వ తేదీ సాయంకాలము, సోమ్ రణరంగమున, హైవుడ్ అను అడవి చెంత, మన రౌతులు ఈటెలు వంచి మరతుపాకుల మీదికి గుఱ్ఱములను దుమికించిరి. వారి సాహసము గొప్పది; అయినను అడవి వశము కాలేదు. రెండు నెలలకు, సెప్టెంబరు 15న, ప్రపంచమున మొదటిసారిగా టాంకులు యుద్ధమునకు దిగెను. వానిలో కొన్ని ఆ హైవుడ్ లోనికే నడిచెను. ఈటెకు కాలము చెల్లినదని ఆ నేలయే చాటినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున రౌతు గుఱ్ఱమును విడిచి టాంకు నెక్కెను. కళ్లెము పట్టిన చేతులు ఇంజను విప్పి బిగించుట నేర్చినవి. నిస్తంత్రీ పరికరముపై మాటాడుట నేర్చినవారు సంకేతములను చదువనేర్చిరి. 1945 మార్చిలో బర్మాలోని మెయిక్టీలా పట్టణమును జపానువారి నుండి గైకొన్న సేనలో దక్కను హార్సు షెర్మన్ టాంకులతో పాల్గొనెను. అదే బ్రిగేడులో, ఇరుగుపొరుగుగా పోరాడిన మఱియొక దళము ప్రాబిన్స్ హార్సు.

1947లో దేశముతోపాటు సేనయు రెండుగా చీలెను. దక్కను హార్సు భారతమునకును, ప్రాబిన్స్ హార్సు పాకిస్తానుకును చెందెను. 1965 సెప్టెంబరున పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద ఆ రెండు దళములును ఎదురెదురు పక్షముల నిలిచెను. దక్కను హార్సువి పాతబడిన షెర్మన్లు. ఎదుటివారివి కొత్త పాటన్లు. మనవారు కాలువనీటిని పొలములమీదికి వదలి, చెఱకుతోటల మాటున కాచియుండిరి. దమ్ము చేసిన మడిలో బండి దిగబడినచో ఏమగునో గుడివాడ, దివిసీమల వారికి నేను చెప్పనక్కఱలేదు. పాటన్లకు అదే గతి పట్టినది. 3వ క్యావల్రీ, 8వ లైట్ క్యావల్రీ, పదాతిదళములు తోడుగా, మూడు దినములలో ఆ దాడి విఱిగెను. తొంబదికి పైగా టాంకులను శత్రువులు పోగొట్టుకొనిరి. మెయిక్టీలా నాటికిని దీనికిని నడుమ ఇరువది యేండ్లు మాత్రమే. ఒకే దారిన నడచిన రెండు దళములు ఆ దినమున ఒకదానికొకటి గుఱియైనవి.

ఈ చరిత్రమంతయు చూడగా ఒక్క సంగతి తేటపడుచున్నది. ఈ దళము నిజామును కొలిచెను, ఆంగ్లసార్వభౌముని కొలిచెను, నేడు గణతంత్రమును కొలుచుచున్నది. సిపాయి ధైర్యము ముమ్మాటికి ఒక్కటే. ఆ ధైర్యమును ఏ పనికి వినియోగించవలెనో నిర్ణయించినవాడు యజమాని. 1766లో మన పూర్వులను ఎవ్వరును అడుగలేదు. నేడు ఆ యజమానులము మనమే. వోటు వేయు ప్రతివాడును వారిలో ఒకడు. సేనను ఎప్పుడు పంపవలెను, ఎప్పుడు పంపరాదు అని ఆలోచింపవలసిన భారము మనపై నున్నది. చరిత్ర చదువనివాడు ఆ భారమును మోయజాలడు.

కనుకనే గ్రామములో గ్రంథాలయ ముండవలెను.