ఒరిజినలా, క్లోనా? నాన్న పిస్టల్ కోసం వెళ్లి నేను తేల్చుకున్నది

ఈ ఎపిసోడ్‌లో ఒక పిస్టల్ గురించి మాట్లాడుకుందాం. దాని పేరు బ్రౌనింగ్ హై పవర్. అసలుది కొనాలా, అదే డిజైన్‌తో చౌకగా వచ్చే క్లోన్ కొనాలా అని నేను మూడు నెలలు కొట్టుకున్నాను. ఏం తేల్చుకున్నానో చెప్తా.

ముందే ఒక మాట. నేను ఉండేది అమెరికాలో, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో. ఇండియాలో ఉన్న తమ్ముళ్లూ, ఇది మీకు షాపింగ్ సలహా కాదు. మన దగ్గర 9 ఎం.ఎం. అనేది నిషేధిత బోర్, మామూలు లైసెన్స్ మీద ఇవ్వరు. ఇక్కడ హెచ్-1బి మీద ఉన్నవాళ్లు కూడా జాగ్రత్త. ఆ వీసాలో ఉండగా తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌నే అడగండి. రేంజ్‌కి వెళ్లి అద్దెకు తీసుకునే ముందు కూడా అడగండి. నేను గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఆగాను.

సరే, ఇదే పిస్టల్ ఎందుకంటే మా నాన్న. ఆయన ఎస్.ఐ.గా చేసి రిటైర్ అయ్యారు. రాత్రి డ్యూటీ నుంచి రాగానే బెల్ట్ విప్పి, పిస్టల్‌లోంచి మ్యాగజీన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, ఇనప బీరువాలో పెట్టి తాళం వేసేవారు. తాళంచెవి చొక్కా జేబులోకి వెళ్లిపోయేది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూడటమే. ఒక్కసారి కూడా ముట్టుకోనివ్వలేదు.

ఇక్కడ ఒక షాపులో గాజు బల్ల కింద అలాంటిదే కనపడింది. బెల్జియంలో చేసిన పాతది. ధర 1,400 డాలర్లు. పక్కనే టర్కీలో చేసిన గిర్సాన్ ఎం.సి. పి35. చూడటానికి దాదాపు కవలలే. ధర 500 చిల్లర. నా మనసు మాత్రం "అది నకిలీ, ఇదే నాన్నది" అని పెద్దదాని వైపే లాగింది. క్రెడిట్ కార్డ్ కూడా బయటికి తీశాను.

ఎందుకో ఆగి, ఇంటికొచ్చి నాన్నకి వాట్సాప్ కాల్ చేశాను. "నాన్నా, మీ పిస్టల్ దొరికింది, బెల్జియం ఒరిజినల్" అన్నాను. ఆయన నవ్వారు. "ఒరేయ్ చిన్నా, మాకిచ్చినవి ఇషాపూర్‌వి రా. బెల్జియంవి మాకెక్కడివి?"

అప్పుడు కూర్చుని చదివాను. దీన్ని మొదలుపెట్టింది జాన్ బ్రౌనింగ్ అనే అమెరికన్. 1926లో ఆయన బెల్జియంలోని లీజ్‌లో చనిపోయారు. పని పూర్తి చేసింది అక్కడి ఎఫ్.ఎన్. కంపెనీ డిజైనర్ డ్యూడొన్నే సేవ్. బ్రౌనింగ్ పాత పేటెంట్లు కోల్ట్ చేతిలో ఉన్నాయి, వాటి గడువు 1928లో తీరాక సేవ్ అందులోంచి కొన్ని పద్ధతులు తెచ్చి దీంట్లో కలిపారు. 1935లో పిస్టల్ వచ్చింది. మ్యాగజీన్‌లో 13 రౌండ్లు, ఆ రోజుల్లో అది చాలా ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో బెల్జియం జర్మన్ల చేతిలోకి పోతే, కెనడాలో ఇంగ్లిస్ అనే కంపెనీ ఇదే పిస్టల్ తయారు చేసింది. ఆ ఇంగ్లిస్ నమూనా మీదే పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ మన సైన్యానికి, పోలీసులకి పిస్టళ్లు చేసింది.

అంటే చూడండి, నేను చిన్నప్పుడు గుమ్మంలోంచి చూసిన "ఒరిజినల్" కూడా ఒక కాపీనే. అయినా నాన్న దాన్ని నమ్ముకునే ఇన్నేళ్లు డ్యూటీ చేశారు.

అప్పుడు ప్రశ్న మార్చుకున్నాను. అసలుదా నకిలీదా అని కాకుండా, దీంతో నేను ఏం చేస్తాను అని అడిగాను. మీరూ అలాగే అడగండి.

దాచుకోడానికైతే పాత బెల్జియందే కొనండి. దాని విలువ నిలబడుతుంది, క్లోన్‌కి ఆ రీసేల్ రాదు. కానీ అలాంటిదాన్ని వందల రౌండ్లు కాల్చి అరగదీయడానికి మనసు ఒప్పదు.

రేంజ్‌లో కాల్చడానికైతే క్లోన్ చాలు. అయితే మూడు చూసుకోండి. ఒకటి, పాత హై పవర్ మ్యాగజీన్లు పడతాయా? గిర్సాన్‌లో పడతాయి. ఎఫ్.ఎన్. 2022లో తెచ్చిన కొత్త హై పవర్ పేరుకే అదే, దాని భాగాలు పాతదానికి సరిపోవు. రెండు, రిపేర్ వస్తే అమెరికాలో చూసేవాళ్లు ఉన్నారా? మూడు, పాత డిజైన్ లోపాలు సరిచేశారా? పాతవాటిలో హ్యామర్ వెనక్కి వచ్చి బొటనవేలి పక్కన చర్మాన్ని కొరుకుతుంది, సేఫ్టీ మీట చిన్నది. స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్ల ఎస్.ఎ.-35 కూడా క్లోనే, అందులో హ్యామర్ మార్చారు. దానికి ఇంకొంచెం ఎక్కువ పెట్టాలి.

ఇంటి రక్షణకి మొదటిసారి కొంటున్నారా? నిజం చెప్తా, ఈ రెండూ వద్దు. ఇది సింగిల్ యాక్షన్. సిద్ధంగా ఉంచాలంటే హ్యామర్ ఎత్తి, సేఫ్టీ వేసి పెట్టాలి. కొత్తవాళ్లకి అది అలవాటు కావడానికి టైం పడుతుంది. వాడటానికి తేలికైన ఈ కాలం పిస్టళ్లు దాదాపు ఇదే ధరకి ఉన్నాయి.

ఇదంతా మా ఆవిడకి చెప్తే ఆమె ఒక్కటే అడిగింది. "పాపకి నాలుగేళ్లు. కుర్చీ లాక్కుని పై అరలో బిస్కెట్లు తీసుకుంటోంది. దీన్ని ఎక్కడ పెడతావ్?"

నా దగ్గర జవాబు లేదు. మూడు నెలలు మోడళ్లు, ధరలు, వీడియోలు అన్నీ చూశాను, ఇది ఒక్కటే చూడలేదు. నాన్న బీరువా, చొక్కా జేబులో తాళంచెవి అప్పుడు గుర్తొచ్చాయి.

లెక్క వేశాను. రెండింటికీ తేడా దాదాపు 900 డాలర్లు. అందులో 250 పెట్టి గోడకి బిగించే సేఫ్ ముందు కొన్నాను. 150కి సేఫ్టీ క్లాస్, ఇద్దరం వెళ్లాం. ప్రాక్టీస్‌కి 1,000 రౌండ్లు, సుమారు 280. ఇంకా మిగిలింది. సేఫ్ గోడకెక్కిన తర్వాతే షాపుకి వెళ్లి, ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక క్లోన్ తెచ్చుకున్నాను.

మొన్న నాన్నకి వీడియో కాల్‌లో చూపించబోయాను. ఆయన పిస్టల్ వైపు చూడనే లేదు. "ముందు మ్యాగజీన్ తీయి. ఇప్పుడు ఛాంబర్ చూపించు. ఇంకోసారి చూడు" అన్నారు. చూశాను. "తాళంచెవి ఎక్కడుంది?" అన్నారు. నా చొక్కా జేబు చూపించాను. "సరే, ఇక దాంట్లో పెట్టేయ్" అన్నారు. అంతే. బాగుందనలేదు, బాలేదనలేదు.

మీరూ ఇలాంటి ఆలోచనలో ఉంటే, మోడల్ కన్నా ముందు సేఫ్ ఎక్కడ బిగిస్తారో చూసుకోండి. ఆ చోటు దొరక్కపోతే ఒరిజినల్ వద్దు, క్లోన్ కూడా వద్దు. మళ్లీ కలుద్దాం, ఉంటాను.