అంటించని కరెక్షన్ స్లిప్పు

కంప్యూటర్ల గురించి ఈ గుమాస్తా మాట్లాడడమేమిటని కొందరు నవ్వుకుంటున్నారు. నేను చెప్పబోయేది కూడా గుమాస్తా తప్పు గురించే.

మనం జీతాల బిల్లులు చేత్తో రాసిన రోజులు గుర్తు తెచ్చుకోండి. పేరు గడి చిన్నది. నలుగురు దేవుళ్ళ పేర్లు కలిపి పెట్టుకున్న ఉద్యోగి వస్తే అక్షరాలు పక్క గడిలోకి పోయేవి. మనుషులం కనుక కలం ఆపి, ఇరికించి రాసేవాళ్ళం.

దూరం నుంచి ఎందరో అడిగేవాటికి జవాబిచ్చే కంప్యూటరును సర్వరు అంటారు. మన పింఛను లెక్క ఉండే బ్యాంకులోనూ అలాంటివే ఉంటాయి. బయటినుంచి వచ్చిన మాట రాసుకోవడానికి అందులో ఇంత అని ఒక గడి ఉంటుంది. దాని పేరు బఫర్. కొలత చూడమని ప్రోగ్రాము రాసినవాడు చెప్పకపోతే యంత్రం ఆగదు, పక్క గడుల మీద రాసుకుంటూ పోతుంది. ఆ పక్కనే, ఈ పని ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్ళాలన్న చిరునామా ఉండవచ్చు. మన ఫైలు మీద తదుపరి ఫలానా సెక్షనుకు అని రాసినట్టన్నమాట. దుర్బుద్ధి గలవాడు కావాలనే పొడుగాటి పేరు పంపి, ఆ చిరునామా మీద తనది రాసేస్తాడు. యంత్రం బుద్ధిగా అక్కడికి వెళ్ళి అతడి ఆజ్ఞలే అమలు చేస్తుంది. సంతకం అడగదు, ముద్ర అడగదు!

1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి వదిలిన ప్రోగ్రాము పట్టిన దారుల్లో ఇదొకటి. ఒక సర్వరు ప్రోగ్రాములో 512 అక్షరాల గడి ఉంటే, అతడు పంపింది 536. సుమారు 6,000 కంప్యూటర్లు చిక్కుకున్నాయని అప్పటి అంచనా.

నన్ను ఎక్కువ బాధపెట్టింది 2003 జనవరి 25 నాటి సంగతి. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వరులో ఇదే లోపం, ఇక్కడా పేరు రాసుకునే గడే. స్లామర్ అనే ప్రోగ్రాము మొత్తం 376 బైట్లు, ఒక పోస్టు కార్డు మీద పట్టేంత. దొరికే యంత్రాల్లో నూటికి తొంభైని పది నిమిషాల్లో పట్టేసింది. అమెరికాలో వేలాది ఏటీఎంలు డబ్బివ్వలేదు. చిత్రమేమంటే, దానికి సవరణ 2002 జులైలోనే వచ్చింది. ఆరు నెలలైనా చాలాచోట్ల ఎక్కించలేదు. ఆ సవరణను ప్యాచ్ అంటారు. అంటే అతుకు. మన భాషలో కరెక్షన్ స్లిప్పు.

ఆ స్లిప్పులు నిబంధనల పుస్తకాల్లో అంటించే పని 1981లో నాది. జిగురు లేదని, తీరిక లేదని సొరుగులో పడేశాను. ఆ ఏడాది మా ఆఫీసు అటెండరు పోయాడు. ఆయన భార్యకు పాత రేటునే కుటుంబ పింఛను లెక్క కట్టాం. పదకొండు నెలలు ఆమె తక్కువ తీసుకుంది. బకాయి తర్వాత ఇప్పించాం కానీ, ఆ ఏడు పిల్లవాడి చదువు ఆగింది. సొరుగులో స్లిప్పు ఉందని ఆమెకు నేను చెప్పలేదు. ఇవాళే చెబుతున్నాను.

నా ఫోను నాలుగు నెలలుగా అప్‌డేట్ అడుగుతుంటే తర్వాత, తర్వాత అని నొక్కుతూ వచ్చాను. ఈ ఉదయం ఎక్కించాను. ముప్పావుగంట పట్టింది. కార్యదర్శి గారు ఎనిమిదిన్నరకు చేసిన ఫోను నాకు అందకపోవడానికి కారణం అదే. మన్నించాలి.