రోజుకు అడుగు కూడా లేదు
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

నేను సింగరేణిలో డ్రిల్లింగ్ చేసి రిటైరైనవాణ్ణి, బోరు తప్ప వేరే మాట రాదు. నాకు ఇష్టమైన మనిషి హంగరీ మైనింగ్ ఇంజనీరు విల్మోష్ జిగ్మొండి. 1848-49 తిరుగుబాటుకు తోడ్పడ్డాడని ఆయన్ను జైల్లో వేశారు. తర్వాత బోర్ల పని పట్టాడు.

బుడా కొండల దగ్గర వేడినీళ్లు ఊరే రాతిపొరే డాన్యూబు దాటి పెస్టు కింద లోతుకు దిగి ఉంటుందని ఆయన లెక్క. 1868లో సిటీ పార్కులో మొదలుపెట్టిన బోరు పూర్తయ్యేసరికి 1878! లోతు 970 మీటర్లు, అంటే సగటున రోజుకు అడుగు కూడా లేదు. మనవాళ్లు మూడొందల అడుగులకే మొహం వేలాడేస్తారు. చివరికి 74 డిగ్రీల నీళ్లు ఉబికి వచ్చాయి.

లాగ్‌బుక్ రాసినవాణ్ణి గనక, నీళ్లు పడని ఆ తొమ్మిదేళ్లూ ఆయనకు నిద్ర ఎట్లా పట్టిందా అని ఇప్పటికీ అనుకుంటుంటాను.