టర్నర్ చూసిన పాత ఓడ
(సభలో చేసిన ప్రసంగ పాఠం)



రొమాంటిక్ అనగానే ప్రేమకథ అనుకుంటాం. చిత్రకళలో మాత్రం కంటికి కనిపించినదానికన్నా మనసుకు తోచినదానికి పెద్దపీట వేయడమని అర్థం. ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ 1839లో ప్రదర్శించిన ‘టెమెరేర్’ చిత్రమే ఇందుకు ఉదాహరణ.

1805 ట్రఫాల్గర్ యుద్ధంలో పోరాడిన ఆ 98 ఫిరంగుల ఓడను 1838లో పాతసామాను కింద అమ్మేశారు. విప్పేయడానికి థేమ్స్ నదిపై లాక్కుపోయేనాటికి దానికి తెరచాప కొయ్యలు కూడా లేవు. టర్నర్ మాత్రం కొయ్యలతో సహా, తెల్లగా, ఠీవిగా చిత్రించాడు. ముందు నల్లని ఆవిరి పడవ, వెనుక ఎర్రని అస్తమయం. అప్పటికి ఆయనకు 64 ఏళ్లు. బతికినంతకాలం ఆ చిత్రాన్ని అమ్మలేదు.

మిత్రులారా, సర్వీసంతా రికార్డులు రాసినవాళ్ళం మనం. రికార్డుకెక్కని గౌరవం కూడా ఒకటుంటుందని ఈ చిత్రం చూశాక నాకు తెలిసింది.