ఒక అక్షాంశరేఖ వెంట



ఎవరి సంస్మరణార్థము నేడు మనము అమీరుపేటలో సమావేశమైతిమో, ఆ భూగోళోపాధ్యాయుల పేరు మీకందఱకును విదితమే. వారి విద్వత్తును నేను వర్ణింపబూనుట చర్వితచర్వణమగును గనుక, వారికి ప్రియమైన యొక మార్గమున, అనగా ఒకే అక్షాంశరేఖ వెంట పడమటికి పోవుటయనెడి మార్గమున, కొంతదూరము మిమ్ము తోడ్కొనిపోయెదను.

పంజగుట్ట కూడలికి అనతిదూరమున, నవాబు జఫర్ జంగు సంకల్పబలముచే 1901లో నెలకొని, 1908లో బేగంపేటకు తరలి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున కధీనమైన నిజామియా వేధశాల ఉత్తరాక్షాంశము 17 డిగ్రీల 26 నిమిషముల చెంత నున్నది. ఆ రేఖను విడువక అరేబియాను, సహారాను, అట్లాంటిక్ మహాసముద్రమును దాటినచో, ఆంటిగా, బార్బుడా ద్వీపముల నడుమగా దూరి, సెయింట్ కిట్స్ ద్వీపపు ఉత్తరాగ్రమును దాదాపు తాకుదుము. దానికి ఆగ్నేయమున రెండు మైళ్ళ జలసంధి కావల నెవిస్. ఈ రెండును కలిసి 1983 సెప్టెంబరు 19న స్వతంత్రమైన దేశము. మొత్తము వైశాల్యము 261 చదరపు కిలోమీటర్లు, హైదరాబాదు మహానగర విస్తీర్ణములో సగమైనను కాదు!

మనకును వారికిని సూర్యుడు నడినెత్తికి వచ్చు దినములు దాదాపు ఒక్కటే. అయినను మే మాసమున మన వీధులలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి తారు మెత్తబడునప్పుడు, అచ్చట 31 డిగ్రీలకు మించుట అరుదు; మనము జనవరి రాత్రులలో దుప్పటి వెదకునప్పుడును అచ్చట చలి యెఱుగరు. మనకు ఋతువు ననుసరించి దిక్కు మార్చుకొను గాలియున్నది. వారికి సంవత్సరము పొడవునను ఈశాన్యమునుండియో తూర్పునుండియో వీచు వాణిజ్యపవనమున్నది. అది సముద్రపు తేమను మోసికొనివచ్చి 1,156 మీటర్ల లియాముయిగా అగ్నిపర్వతముపై దించుటచేత శిఖరము తఱచుగా మేఘావృతమై, వాలులు దట్టమైన అడవియై యుండ, అదే ద్వీపపు ఆగ్నేయపు కొసలో ఉప్పుమడుగులును ముండ్లపొదలును మాత్రమే కానవచ్చును. రాజధాని బాసెటెర్ గాలి చాటున నున్న తీరమున వెలయుట యాదృచ్ఛికము గాదు. తెరచాప ఓడలకు నెమ్మదియైన నీరు కావలెను గదా!

నా మతమున ఈ ద్వీపముల చరిత్రను వ్రాసినది ఆ గాలియే. 1493లో కొలంబసును ఇటు చేర్చినదదే. 1624లో థామస్ వార్నర్ నెలకొల్పిన ఆంగ్లేయ వలసకు, వెనువెంటనే పాలికి వచ్చిన ఫ్రెంచివారికి (నడుమభాగము ఆంగ్లేయులకు, రెండు కొసలు ఫ్రెంచివారికి, వాటా తీరు చూడుడు!) ఓడలను నడిపినదదే, చెఱకు గానుగల గాలిమరలను త్రిప్పినదదే. ఆఫ్రికానుండి బంధితులై వచ్చినవారి చెమటతో ఆ గానుగ లాడినవి. 1834లో దాస్యము చట్టరీత్యా రద్దుకాగా తోటల యజమానుల చూపు మన దేశముపై పడెను. 1861లో డార్ట్‌మత్ అను నౌక కలకత్తానుండి మూడువందలకు పైబడిన కూలీలను సెయింట్ కిట్స్‌కు చేర్చెను. తెలుగువారు ఈ కథలోనికి వచ్చినది ముఖ్యముగా మద్రాసు, పుదుచ్చేరి రేవులనుండి: ట్రినిడాడు, గయానా తోటలలో ‘మద్రాసీ’లని ఒక్కపేరున పిలువబడినవారిలో తమిళులతోపాటు వారును ఉండిరి, 1854 డిసెంబరులో ఒరేలీ నౌకతో మొదలై 1889 వఱకు ఫ్రెంచి గ్వాడెలూపుకు పోయిన నలువదివేలకు పైబడినవారిలోను ఉండిరి. ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి, ఆపై ఆగ్నేయపవనముల నందుకొని మూడు నెలలు పోయిన ఆ ప్రయాణమున తీరము చేరకయే కడతేఱినవారును కలరు. వారి పేర్లను ఏ శిలయు మోయుట లేదు.

చక్కెర పరిశ్రమ సెయింట్ కిట్స్‌లో 2005లో మూతపడెను. ఒకప్పుడు చెఱకు మోసిన సన్నపట్టాల రైలు నేడు యాత్రికులను మోయుచున్నది.

ఇప్పుడు ఈ అమీరుపేటలోని మైత్రీవనము చుట్టుప్రక్కల విదేశీ వైద్యవిద్య ప్రకటనల బోర్డుల క్రింద నిలిచి, ఫీజెంత, హాస్టలెట్లు అని విచారించుచు బిడ్డలను ఈ ద్వీపములకు పంపదలచు తల్లిదండ్రులకు కొన్ని మాటలు. శంషాబాదునుండి లండను గాని అమెరికా నగరమొకటి గాని చేరి, అచ్చట విమానము మారవలెను. కాలము మనకంటె తొమ్మిదిన్నర గంటలు వెనుక. వాహనములు మనవలెనే ఎడమ ప్రక్కన నడచును, అధికారభాష ఆంగ్లము, తూర్పు కరీబియను డాలరు 1976 నుండి అమెరికా డాలరుకు 2.70 చొప్పున స్థిరముగా నున్నది. డిసెంబరునుండి ఏప్రిలు వఱకు పొడికాలము. జూన్ నుండి నవంబరు వఱకు తుపానుల ఋతువు.

ఆ చివరి మాటను ప్రకటనలలో నేను చూడలేదు. 2017 సెప్టెంబరు 18న మరియా తుపాను డొమినికా ద్వీపమును తుడిచిపెట్టినప్పుడు, అచ్చటి రాస్ వైద్యకళాశాల తరగతులు సెయింట్ కిట్స్ రేవున లంగరు వేసిన ఒక ఓడలో నడచినవి. పిదప కళాశాల అమెరికాలోని నాక్స్‌విల్‌కును, 2019లో ఆ ద్వీపశ్రేణికి తూర్పున కొంత ఎడముగా నున్న బార్బడోసుకును తరలిపోయెను.