ఇస్లాము మతమున దేవదూతలు, జిన్నులు, మానవ సృష్టి

(మన సంఘపు సభలో చేసిన ఉపన్యాస పాఠము)



కోవిల్పట్టి నుండియు విరుదునగరు నుండియు అంగళ్లు కట్టివేసి వచ్చిన మీకు మా వందనములు. మేము మతపండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి వ్యాపారమున కూర్చున్నవారము. అరబ్బీ మాకు రాదు. అయినను చిలుకూరి నారాయణరావు గారి వంటి పండితులు ఖురానును తెలుగున అనువదించి పోయిరి. తమిళమున అనువాదములు పెక్కు కలవు. వానిని చదివి, మనతో సరుకు ఇచ్చి పుచ్చుకొను ముసల్మాను మిత్రులను అడిగి తెలిసికొన్నదానిని మీ యెదుట ఉంచుచున్నాము.

ఈ విషయము మన సంఘమునకు ఎందుకని సభకు ముందే ఒకరిద్దరు అడిగిరి. తగిన ప్రశ్నయే. మన యిండ్లలో అవ్వలు చెప్పు వలస కథ మీకందరికిని తెలియును. తురక రాజు మన ఆడబిడ్డను కోరెననియు, మనవారు మానము కాపాడుకొనుటకై రాత్రికి రాత్రి దక్షిణమునకు తరలివచ్చిరనియు ఆ కథ. కోవిల్పట్టి ప్రక్కనున్న ఇడైసేవల్ గ్రామమున పుట్టి, మనవలె ఇంట తెలుగు మాటాడిన కి. రాజనారాయణన్ గారు 1976లో 'గోపల్ల గ్రామము' అను తమిళ నవలలో దానిని లోకమునకు తెలిపిరి. చరిత్రకారులు మాత్రము విజయనగర ప్రభువుల కాలమునను, మధుర నాయకుల కాలమునను సేనలతోడను సేద్యమునకును వచ్చినవారే అధికమందురు. అవ్వల కథను మేము కాదనము. అయితే అది సగము కథ. మిగిలిన సగము ఎట్టయపురమున ఉన్నది.

ఎట్టయపురము కోవిల్పట్టికి ఎంత దూరము? బస్సెక్కిన గంటలోపల చేరుదుము. దానిని ఏలిన ఎట్టప్ప నాయకులు తెలుగువారు. చంద్రగిరి ప్రాంతము నుండి వచ్చితిమని చెప్పుకొన్న రాజకంబళమువారు. వారి ఆస్థానమున 17వ శతాబ్దిలో ఉమరు పులవరు అను ముసల్మాను కవి యుండెను. కీళక్కరై వర్తకప్రభువు సీతక్కాది ప్రోత్సాహమున ఆయన మహమ్మదు ప్రవక్త జీవితమును 'సీరాప్పురాణము' అను మహాకావ్యముగా తమిళమున రచించెను. పద్యములు 5,000కు మించినవి. సీతక్కాది మధ్యలోనే కాలము చేయగా, పరంగిపేట వర్తకులు అబుల్ కాసిం మరక్కాయరు పోషకులైరి. కవికి అన్నము పెట్టినవారిలో ఇద్దరు వ్యాపారులు, ఒకరు తెలుగు పాళెగారు! వ్యాపారులమైన మనము గర్వింపదగిన లెక్కయిది. ఆ కవి సమాధి ఎట్టయపురముననే కలదు. ఆ కావ్యమున ప్రవక్త వంశక్రమము ఆదము నుండి చెప్పబడినది. జిన్నులు విశ్వాసము గైకొన్న కథకు ప్రత్యేకముగ ఒక పడలము కలదు. కాన నేటి మన విషయము అరేబియా నుండి నిన్న దిగిన సరుకు కాదు. మన పొరుగూరిలో, మన భాష మాటాడిన ప్రభువుల నీడలో పాడబడినది.

ఇక విషయమునకు వత్తము.

ప్రవక్త భార్య ఆయిషాగారు చెప్పిన ఒక హదీసున్నది. దాని తాత్పర్యమేమన, దేవదూతలు వెలుగుతో చేయబడిరి, జిన్నులు పొగలేని మంటతో చేయబడినవి, ఆదము మట్టితో చేయబడెను. ఖురాను కూడ జిన్నులను అగ్నితోడను, మనుష్యుని కుమ్మరి మట్టివంటి మట్టితోడను దేవుడు చేసెనని చెప్పుచున్నది. ఇందు ముఖ్యముగ గమనింపవలసినది, మూడును సృష్టింపబడినవే. వెలుగైనను సృష్టియే, దానిని పూజింపరాదు. మనము తెలుగున 'దేవదూత' అనునపుడు 'దేవ' శబ్దము వలన ఇంద్రాదులు స్ఫురింతురు. తమిళ ముసల్మానులు 'వానవర్' అనుటలోను ఆ చిక్కే కలదు. అందుచేతనే కాబోలు వారు ఇండ్లలో 'మలక్కు' అను అరబ్బీ మాటనే వాడుకొందురు. మలక్కు వరమీయడు, శాపమీయడు. ఆజ్ఞ అయిన పని చేయును, అంతే. జిబ్రయీలు ప్రవక్తలకు వాక్కు తెచ్చును. ఇస్రాఫీలు ప్రళయమున బూర ఊదును. ప్రాణములు తీయు దూతను జనులు ఇజ్రాయీలు అందురు. ఖురానులో ఆ పేరు లేదు, మృత్యుదూత అని మాత్రమే యున్నది. మనుష్యుల పుణ్యపాపములు వ్రాయు లేఖకులు వేరుగ కలరు. చిట్టా ఆవర్జాలతో బ్రదుకు మనకు వీరిని గూర్చి వేరే చెప్పనక్కరలేదు. చిత్రగుప్తుని ఎరిగినవారమే కదా.

అన్నిటికంటె రసవత్తరమైనది ఆదము కథ. భూమిపై ఒక ప్రతినిధిని నియమింపబోవుచున్నానని దేవుడు దూతలతో చెప్పెను. దూతలు అడ్డుచెప్పలేదు గాని ప్రశ్నించిరి: కల్లోలము చేసి నెత్తురు చిందించువానినా అచ్చట ఉంచెదవు? దేవుడు కోపింపలేదు. ఆదమునకు సమస్త వస్తువుల పేర్లు నేర్పి, దూతలను ఆ పేర్లు చెప్పుడనెను. వారు తెలియదనిరి. ఆదము చెప్పెను. అంతట దూతలు ఆదము ముందు సాష్టాంగపడవలెనని ఆజ్ఞ అయ్యెను. ఇది పూజ కాదు, గౌరవమని వ్యాఖ్యాతలు చెప్పుదురు. మట్టిమనిషికి ఆ గౌరవము బలమును చూచి కలుగలేదు, రూపమును చూచి కలుగలేదు. మాట వలన కలిగెను. భాషను కాపాడుకొనుటకే సంఘము పెట్టుకొన్న మనకు ఈ ఘట్టము ప్రత్యేకముగ రుచించుటలో వింతలేదు.

అందరును సాగిలపడిరి, ఇబ్లీసు తప్ప. నన్ను అగ్నితో చేసితివి, వానిని మట్టితో చేసితివి, నేనే మేలైనవాడనని వాదించెను. దొంగతనము కాదు, హత్య కాదు. ఇస్లాము కథలో మొదటి అపరాధము పుట్టుకను చూచుకొని గర్వించుట. కులము పేరడుగక మంచినీళ్లు ఇయ్యని వీధులు చూచిన మనము ఈ మాటకడ కొంచెము నిలువవలెను.

ఈ ఇబ్లీసు ఎవడు? ఇందు పండితులకు భేదము కలదు. దూతలు ఆజ్ఞ మీరరని ఒక వాక్యమున్నది; ఇబ్లీసు జిన్నుల జాతివాడని వేరొక వాక్యమున్నది. వాడు మొదటినుండియు జిన్నేయని హసన్ బస్రీ తలచెను. దూతల గుంపులోనివాడే తిరస్కరించి పతితుడయ్యెనని ఇబ్న్ అబ్బాసు మొదలైనవారి పేర వేరు మాట కలదు. 19వ శతాబ్దిలో అలీగఢు సర్ సయ్యదు అహమ్మదు ఖాను మరింత ముందుకు పోయి, దూతలనగా ప్రకృతిలో దేవుడుంచిన శక్తులని వ్యాఖ్యానించెను. పెక్కుమంది ఉలేమాలు దానిని ఒప్పుకొనలేదు. ముసల్మానులందరును ఒకే మాట పట్టుకొని యుందురనుకొనువారికి ఇది చెప్పవలసియున్నది.

జిన్నులను గూర్చి మనలో చాలమందికి తెలిసినది 1957లో వచ్చిన అల్లావుద్దీను అద్భుతదీపము చిత్రము వలననే. దీపము రాచిన ఊడిగము చేయు ఆ భూతమునకును మతగ్రంథముల జిన్నులకును సంబంధము బహు స్వల్పము. ఖురానున జిన్నుల పేర ఒక అధ్యాయమే కలదు. అవి కంటికి కానరాని ప్రాణులు. వానిలో మంచివి కలవు, చెడ్డవి కలవు. మనుష్యులవలెనే ధర్మమునకు కట్టుబడి, తీర్పునకు నిలువవలసినవి. మనిషి దేహమున జిన్ను ప్రవేశింపగలదా అనునది వాదగ్రస్తము. ముతజిలా పండితులు కాదనిరి. ఇబ్న్ తైమియా ఔననెను.

ఈ వాదము గ్రంథములలో మాత్రమే యున్న మేము ఇంత చెప్పియుండము. మతి చెదిరినవారిని జిన్ను పట్టినది, గాలి సోకినది అని దర్గాలకు తీసికొనిపోవుట అన్ని మతములవారిలోను, మనవారిలోను కలదు. 2001 ఆగస్టు 6న రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, దర్గాకు దగ్గరనున్న ఒక ప్రైవేటు ఆశ్రమమునకు తెల్లవారుజామున నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడిన రోగులు లేచి పరుగెత్తలేక 28 మంది చనిపోయిరి. ప్రభుత్వము అటుపిమ్మట అట్టి ఆశ్రమములను మూయించినది. సుప్రీం కోర్టు తనంత తానుగ విచారణ చేపట్టినది. ప్రార్థనతోపాటు ప్రభుత్వ వైద్యుల మందును దర్గా వద్దనే యిచ్చు ఏర్పాటు అచ్చట తరువాత వచ్చినది. జిన్నుల అధ్యాయమును ఆసాంతము చదివితిమి. రోగిని గొలుసుతో కట్టుమని అందెచ్చటను లేదు. మీ యింటిలో గాని బంధువులలో గాని అట్టివారున్నచో దర్గాకు పోవుట మీ యిష్టము. ముందుగ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుని చూపుడు.

మరల మట్టికడకు వత్తము. ఆదము కొరకు మట్టి తెమ్మని దేవుడు దూతలను పంపగా, నా నుండి కొంచెమైనను తీయవలదని భూమి మొరపెట్టుకొన్నదట. మొదటివారు జాలిపడి వట్టిచేతులతో మరలిరి. చివరకు మృత్యుదూత తీసికొనిపోయెను. కనుకనే ప్రాణము తీయు పనియు అతనికే వచ్చెనని వ్యాఖ్యాతలు కథ చెప్పుదురు. ఆ పిడికెడు మట్టి భూమి అంతట నుండి తీసినది గనుక మనుష్యులు ఎఱ్ఱగను, తెల్లగను, నల్లగను, నడిమి వన్నెలతోను పుట్టిరని ఒక హదీసు భావము. నల్లరేగడి దున్ని పెరిగిన మన కుటుంబములకును, తేరి ఎఱ్ఱమట్టివారికిని ఇది చక్కగ బోధపడును. మనుష్యుల భాషలు వేరగుటయు, రంగులు వేరగుటయు దేవుని గురుతులలోనివేయని ఖురాను వేరొకచోట చెప్పుచున్నది. హవ్వమ్మ మాటయు చెప్పవలెను. ఆమె పేరు ఖురానులో లేదు. ప్రక్కటెముక కథయు లేదు. నిషిద్ధఫలమును తిన్న తప్పు ఆలుమగలిద్దరిదిగా చెప్పి, ఇద్దరును కలిసి క్షమాపణ వేడిరనియు, ఇద్దరిని దేవుడు మన్నించెననియు వ్యాఖ్యాతలు వివరించిరి. నెపమంతయు ఆడుదానిపై వేయలేదు.

వచ్చు నెల మొదటి ఆదివారము ఉమరు పులవరు సమాధిని, ప్రభుత్వము కట్టించిన స్మారక మండపమును చూచుటకు ఎట్టయపురము పోవ తలచితిమి. వలస కథ చెప్పు అవ్వలను, వినుచున్న పిల్లలను వెంటబెట్టుకొని రండు. పేర్లు శుక్రవారము లోపల సంఘపు కార్యాలయమున వ్రాయింపుడు, బండ్లు కుదుర్చవలెను.