సేద్యమున స్త్రీల మాట

2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన మా మైలవరము మెట్టసీమ. దిగువ కృష్ణా డెల్టాయందు వరిచేలు, ఇచ్చట మామిడితోటలు. రెండుచోట్లను కలుపు తీయునది, పాడి చూచునది స్త్రీయే. డెల్టాలో వరినాట్లు వేయునదియు, విత్తనపు గింజ ఏరి యెండబోసి దాచునదియు నామెయే. నాగటిచాలునకు సీత యని పూర్వులు పేరిడిరి. పేరు పెట్టుటలో లోపము లేదు. లోపమెల్ల కాగితముమీద పేరు వ్రాయుటలోనే యున్నది.

పూతమీదనే తోటను వర్తకునకు అమ్ముట మా ప్రాంతపు వాడుక. బేరము అరుగుమీద సాగుచుండగా ఇంటాయన “లోపల ఒకమాట అడిగి వచ్చెదను” అని లేచుట మీరెఱుగుదురు. ఆ లోపలి మాటవలన ధర హెచ్చిన బేరములును కలవు. కాని బయానా పుచ్చుకొను చేయి వేఱు. పట్టాదారు పాసుపుస్తకమున తఱచుగా నామె పేరుండదు. పేరు లేనిచో పంటఋణము దొరకుట కష్టము. భర్త పోయిననాడు మఱదుల దయకై వేచియుండవలసి వచ్చుచున్నది.

శాస్త్రమొప్పదని కొందఱందురు. ఏ శాస్త్రము? దాయముగా వచ్చినది, కొన్నది, పంపకమున వచ్చినది గూడ స్త్రీధనమే యని మితాక్షరయందు విజ్ఞానేశ్వరుడు చెప్పెను. ఆ గ్రంథము ననుసరించియే పదుమూడవ శతాబ్దిలో కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయము రచించెను. పుట్టుకతో వచ్చు హక్కును మాత్రము విజ్ఞానేశ్వరుడు కొడుకులకే చెప్పెను; దానిని దాచబనిలేదు.

ఆ కొఱతను దేశమున మొదట తీర్చినది మన ఆంధ్రప్రదేశమే. నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వకాలమున 1986లో వచ్చిన చట్టము, 1985 సెప్టెంబరు 5 నుండి కూతురికి కొడుకుతో సమానముగా పిత్రార్జితమున భాగమిచ్చెను. అంతకు మున్ను పెండ్లియైన వారికది వర్తింపలేదు. 2005లో కేంద్రచట్టము ఆ భేదమును తొలగించెను. తండ్రి ఆ చట్టమునాటికి జీవించి యుండనక్కఱలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చినది.

చట్టమిట్లుండగా ఇండ్లలో జరుగుచున్నదేమి? “పసుపుకుంకుమల క్రింద ఇచ్చితిమి గదా” యని ఆడపడుచుచేత హక్కువిడుదల పత్రముపై సంతకము చేయించుచున్నారు. ఎప్పుడో ఇచ్చిన కట్నమునకును నేటి యెకరము ధరకును పొంతన యెక్కడ? పుట్టింటి రాకపోకలు చెడునేమో యను భయమున నామె మాఱుమాటాడక చేవ్రాలు చేయును. ఆ పత్రమునకు సాక్షులెవరు? మనమే, పెద్దమనుష్యులము!

కావున పంపకమునకు పిలిచినపుడు, అన్నదమ్ములు లేని చోట ఆమెను వేఱుగా నడుగుడు. పత్రము చదివి వినిపింపుడు. భూమి విలువ యెంతయో చెప్పుడు. తెలిసి వదలుకొన్నచో అది యామె యిష్టము. భాగము కోరినచో సర్వేనంబరు, విస్తీర్ణము, హద్దులు ఆమె పేరనే వ్రాయింపుడు. తరువాత పాసుపుస్తకము వచ్చెనో లేదో విచారింపుడు. ఆడపడుచు దూరదేశమున నున్నదన్నచో కబురంపుడు. ఆమె వచ్చువఱకు కొలతగొలుసు పొలములో దింపనీయకుడు.